అప్‌డేట్: డైవర్షన్ కేసు ఉన్నా మా అబ్బాయి పోలీస్ అకాడమీకి ఎంపికయ్యాడు (టెక్సాస్)

కాలేజీ రోజుల్లో వాడిమీద షాపులో దొంగతనం కేసు, క్లాస్ బి (చిన్న నేరాల్లో ఒక స్థాయి). ప్రీట్రయల్ డైవర్షన్ (విచారణకు వెళ్లకుండా, ప్రాసిక్యూటర్ పెట్టిన షరతులు పాటించే ఒప్పందం) పూర్తి చేశాక కేసు కొట్టేశారు. ఇక పోలీసు ఉద్యోగం రాదేమోనని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. ధైర్యం చెప్పిన అందరికీ కృతజ్ఞతలు.

"ముందు లాయర్‌కి కాగితాలు చూపించండి" అన్న సలహాయే పనిచేసింది. ఆవిడ మొదట చూసింది ఒక్కటే: అది డైవర్షనా, డిఫర్డ్ అడ్జుడికేషనా అని. రెండోదాంట్లో కోర్టు దోషి అని తేల్చకుండా వాయిదా వేసి పర్యవేక్షణలో ఉంచుతుంది, అది కోర్టు వేసే ప్రొబేషన్ కిందికి వస్తుంది. క్లాస్ బి అయినా పదేళ్లపాటు టెక్సాస్‌లో పోలీసు లైసెన్స్ ఇవ్వరు. మావాడిది ప్రాసిక్యూటర్‌తో చేసుకున్న ఒప్పందం, కాబట్టి ఆ నిషేధం వర్తించలేదు. ఈ తేడా తెలియక ఎన్ని నెలలు టెన్షన్ పడ్డామో!

అయితే డిపార్ట్‌మెంట్ తన సొంత ప్రమాణాలతో ఎవరినైనా కాదనవచ్చు. అందుకే పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్‌లో (దరఖాస్తుతో ఇచ్చే గత వివరాల ఫారం) అరెస్టు, ఒప్పందం, డిస్మిసల్ అన్నీ రాసి, కాగితాలు జతచేశాడు. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు దాని గురించే అడిగారట. దాచి ఉంటే అక్కడే ఆగిపోయేవాడని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఎక్స్‌పంక్షన్ (కేసు రికార్డును చెరిపేయించడం) అయ్యేదాకా ఆగమన్న సలహా మాకు అవసరం పడలేదు. ఇమిగ్రేషన్ భయం కూడా అంతే, వాడు ఇక్కడే పుట్టాడు. గ్రీన్‌కార్డు, వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం డైవర్షన్‌పై సంతకం పెట్టే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి.

అకాడమీ వచ్చే నెలలో మొదలు.