తమ్ముడికి మొదటి చక్రాల కుర్చీ: ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న అడిగిన అక్క
వెన్నుపాముకు గాయమై మా తమ్ముడికి నడుము కింది భాగం చచ్చుబడింది. మోటారు కుర్చీ అయితే శ్రమ ఉండదని ఇంట్లో అందరమూ అనుకుంటున్నాము. తను మాత్రం చేత్తో తోసుకునేదే కావాలంటున్నాడు. అనుభవజ్ఞులు ఏమేమి చూసి నిర్ణయించుకున్నారో దయచేసి చెప్పండి.

పదకొండేళ్లుగా కుర్చీ వాడుతున్న సభ్యుడు
నా మొదటి కుర్చీని ఇతరులే ఎంపిక చేశారు. సీటు నా తుంటి కొలత కంటే బాగా వెడల్పు కావడంతో ఒక పక్కకు ఒరిగి కూర్చునేవాడిని. చక్రాలను అందుకోవడానికి చేతులు దూరంగా చాచవలసి వచ్చి భుజాలు నొప్పి పెట్టేవి. కాబట్టి ముందు కొలతలు తీయించండి. సీటు అంచుకూ మోకాలి వెనుక భాగానికీ మధ్య కనీసం రెండు వేళ్ల సందు ఉండాలి. స్పర్శ తెలియని చోట ఒత్తిడి పుండు (ఒకే చోట ఎక్కువసేపు ఒత్తిడి పడి ఏర్పడే పుండు) మొదలైనా తెలియదు కనుక, కుర్చీకి ఇచ్చినంత ప్రాధాన్యం సీటు మీద వేసే మెత్తకూ ఇవ్వాలి. ఏళ్ల తరబడి చేత్తో తోసేవారికి భుజాల బాధ రావడం మామూలే, శ్రమ గురించి మీ ఆందోళన నిరాధారం కాదు. అయితే మోటారు కుర్చీ బరువైనది, మెట్టు అడ్డం వస్తే ఇద్దరు మనుషులు కూడా ఎత్తలేకపోవచ్చు. రెండింటినీ దుకాణంలోని నున్నని నేల మీద కాక, మీ స్నానాల గది గుమ్మం దగ్గర నడిపి చూడనివ్వండి.

వినికిడి యంత్రం వాడే సభ్యురాలు
పరికరం వేరైనా నాకు జరిగిందీ అదే. నిశ్శబ్దంగా ఉన్న గదిలో బాగా వినిపించిందని కొన్న యంత్రం, నలుగురు మాట్లాడుకునే చోట పనికిరాక సొరుగులో ఉండిపోయింది. రెండోసారి వెళ్లినప్పుడు, వాడి చూసి తిరిగి ఇచ్చే గడువు ఎంత, మరమ్మతు ఎవరు చేస్తారు అని ముందే అడిగాను. వేళ్లు వణుకుతాయి కనుక, చిన్న బ్యాటరీలు మార్చే పని లేకుండా ఛార్జింగ్ పెట్టుకునేదే తీసుకున్నాను.

ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా తోడ్పడే నిపుణులు)
ఇలాంటి పరికరాల సమాచారాన్ని వికలాంగులకు అందుబాటులో ఉండే రూపంలో ఇవ్వడం ప్రభుత్వాల బాధ్యత అని 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం నాలుగో అధికరణం చెబుతోంది. ఆ సమాచారం ముందుగా చేరవలసింది మీ తమ్ముడికి. సలహా ఇచ్చేవారే అమ్మేవారు కూడా అయితే మరొకరి అభిప్రాయం తీసుకోండి. ఒక వారం పాటు తను ఎక్కడెక్కడికి వెళ్లాలనుకుంటున్నాడో, ఎక్కడ ఆగిపోతున్నాడో తననే రాసుకోమనండి.

ప్రశ్న అడిగిన అక్క
మీరు రాసినవన్నీ తమ్ముడే చదివాడు. కుర్చీ మడిచి స్నేహితుడి కారులో పెట్టుకుని మళ్లీ పనికి వెళ్లాలన్నది తన ఉద్దేశమట. ఇంతకాలం ఆ మాట మేమెవరమూ అడగనే లేదు. వచ్చే వారం రెండు రకాలూ తెప్పించి ఇంట్లోనే చూస్తాము. గుమ్మాల వెడల్పు తనే దగ్గరుండి కొలిపించి రాసుకుంటున్నాడు.