1742 నాటి బోస్టన్ ఉత్తరం: తేదీ, మడత గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

మేం న్యూజెర్సీలో ఉంటాం. 1742 ఫిబ్రవరిలో బోస్టన్‌లో ఉండే ఓ అమ్మాయి వాళ్ళ అన్నయ్యకి రాసినట్టు ఉత్తరం తయారుచేయమని మా పాపకి స్కూల్లో ప్రాజెక్ట్ ఇచ్చారు. తేదీ దగ్గరే ఆగిపోయాం. 1752 దాకా ఇంగ్లండ్ వలసల్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, అందుకే జనవరి, ఫిబ్రవరి ఉత్తరాల మీద 1741/2 అని రెండూ వేసేవారు. చిన్నపిల్ల కూడా అలాగే వేస్తుందా, ఉత్త 1741 అంటుందా? అప్పట్లో చాలామంది ఆడపిల్లలకి చదవడం నేర్పి, రాత నేర్పకుండా కుట్టుపనిలో పెట్టేవారు కాబట్టి మా పాపని వర్తకుడి కూతుర్ని చేశాను, అది పర్లేదు కదా?

కవర్లు వాడేవారు కాదు, కాగితాన్నే మడిచి లక్కతో సీలు వేసి వెనకాల చిరునామా రాసేవారు. మేం ఏ4 కాగితం ఎలా మడిచినా చిరునామా లోపలికే పోతోంది! సరైన మడత ఎవరైనా చెప్పరూ.

సిరా అసలైతే మాచికాయ, అన్నభేది (ఐరన్ సల్ఫేట్), తుమ్మబంకతో చేసేవారు, రాసినప్పుడు లేతగా ఉండి తర్వాత నల్లబడేది. పిల్లల చేతికి అన్నభేది ఇవ్వడం నాకిష్టం లేదు, చిక్కటి టీ డికాషన్‌తో బాతు ఈక కలానికి సరిపడా సిరా వస్తుందా? సోమవారం ఇచ్చేయాలి, కాస్త త్వరగా చెప్పండి ప్లీజ్.