సెలైన్ వేగం మధ్యలో తగ్గితే చుక్కలు పెంచవచ్చా?

నేను జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) రెండో సంవత్సరం విద్యార్థినిని. వాంతులు, విరేచనాలతో చేరిన ఒక పెద్దావిడకు 500 మి.లీ. సెలైన్ రకం ద్రవం, రింగర్ లాక్టేట్‌ను 4 గంటల్లో ఎక్కించమని డాక్టరుగారు రాశారు. మా డ్రిప్ సెట్టు (సీసా నుంచి చేతికి వెళ్లే గొట్టం) మిల్లీలీటరుకు 20 చుక్కలది కనుక, 500ను 20తో గుణించి 240 నిమిషాలతో భాగించి, నిమిషానికి 42 చుక్కలు పడేలా గొట్టం మీద వేగాన్ని మార్చే రోలరు సరిచేశాను. అయితే ఆవిడ మోచేయి మడిచినప్పుడల్లా చుక్కలు నెమ్మదించి, గంట తరువాత చూస్తే 125కు బదులు 90 మి.లీ. మాత్రమే వెళ్లింది. మిగిలిన 410 మి.లీ.ని 3 గంటలకు లెక్కిస్తే 46 చుక్కలు వస్తున్నాయి. తేడా చిన్నదే అయినా, గుండె బలహీనంగా ఉన్నవారికి ద్రవం త్వరగా ఎక్కితే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు కాబట్టి, నా అంతట నేను పెంచడానికి మనసొప్పలేదు. ఇలాంటప్పుడు ముందుగా ఎవరికి చెప్పాలో, సీసాలో పొటాషియం క్లోరైడ్ కూడా కలిపి ఉంటే ఏం చేయాలో అనుభవజ్ఞులైన సిస్టర్లు దయచేసి వివరించగలరు.