సెర్చ్ యాడ్‌కు క్లిక్‌లు వస్తున్నాయి, అఫిలియేట్ అమ్మకం ఒక్కటీ లేదు

వెబ్ హోస్టింగ్ (వెబ్‌సైట్‌ను ఇంటర్నెట్‌లో ఉంచే సేవ) ప్లాన్‌ను అఫిలియేట్ లింకు (దాని ద్వారా ఎవరైనా కొంటే నాకు కమీషన్ వచ్చే లింకు) ద్వారా అమ్మేందుకు రోజుకు 300 రూపాయల బడ్జెట్‌తో సెర్చ్ యాడ్ నడుపుతున్నాను. 12 రోజుల్లో 148 క్లిక్‌లకు 3,552 రూపాయలు ఖర్చయ్యాయి; నా రివ్యూ పేజీ నుంచి అఫిలియేట్ లింకు నొక్కినవారు 11 మందే, కొన్నవారు ఒక్కరూ లేరు. మొదట బ్రాడ్ మ్యాచ్ (నేను ఎంచుకున్న మాటలకు, అంటే కీవర్డ్‌లకు, సంబంధమున్న ఏ వెతుకులాటకైనా యాడ్ చూపే సెట్టింగ్) పెట్టడం నా తప్పే. జనం ఏం వెతికితే యాడ్ కనిపించిందో చూపే సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తెరిస్తే ‘ఫ్రీ హోస్టింగ్’, ‘లాగిన్ ఎలా’ వంటివే ఎక్కువగా కనిపించాయి. అందువల్ల ఐదో రోజున కీవర్డ్ అర్థం కలిసిన వెతుకులాటలకే యాడ్ చూపే ఫ్రేజ్ మ్యాచ్‌కు మారి, ఆ మాటలను నెగెటివ్ కీవర్డ్‌లుగా (వాటిని వెతికితే యాడ్ రాకుండా) చేర్చి, ఇతర వెబ్‌సైట్లలో యాడ్ చూపే డిస్‌ప్లే నెట్‌వర్క్‌ను ఆపేశాను. హోస్టింగ్ కంపెనీ పేరును కీవర్డ్‌గా పెట్టి బిడ్ వేయరాదని అఫిలియేట్ నిబంధనల్లో ఉంది కనుక దాని జోలికి పోలేదు. ఇప్పుడు ‘చిన్న వ్యాపారానికి హోస్టింగ్ ధర’ వంటి వెతుకులాటలే వస్తున్నా పరిస్థితి మారలేదు. మొబైల్‌లో నాలుగు స్క్రీన్లు కిందికి జరిపితే గాని లింకు కనిపించదు. కీవర్డ్‌లను ఎగ్జాక్ట్ మ్యాచ్‌కు (కీవర్డ్‌తో సమానమైన అర్థమున్న వెతుకులాటలకే) కుదించడం, ధరల పట్టికను లింకుతో సహా పేజీ పైభాగానికి తేవడం, ఈ రెండింటిలో మీరైతే ముందు ఏది చేస్తారు?