పాత ఆఫీసు మదర్‌బోర్డుకు కొత్త క్యాబినెట్ వైర్లు ఎలా కలపాలి?

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ. ఒక ఆఫీసులో తీసేసిన బ్రాండెడ్ సీపీయూ తక్కువకు దొరికితే తెచ్చి, దాని మదర్‌బోర్డును కొత్త క్యాబినెట్‌లో బిగించాను. చిక్కంతా ముందు ప్యానెల్ వైర్ల (పవర్ బటన్, లైట్ల నుంచి బోర్డుకు వచ్చేవి) దగ్గరే వచ్చింది.

మామూలు బోర్డుల్లో ఈ వైర్లకు 9 పిన్నులుంటాయి, పవర్ స్విచ్ వైరు 6, 8 పిన్నులకు పెడితే అయిపోతుంది. దీనికేమో రెండు వరుసల్లో కలిపి 11 ఉన్నాయి, పక్కన ఒక్క అక్షరం రాసి లేదు. పాత డబ్బా వైర్లన్నీ ఒకే నల్ల ప్లగ్గులోకి వచ్చేవి. అది చూసి పోల్చుకుందామంటే, మా తమ్ముడు దాన్ని పాత ఇనుప సామానోళ్లకు వేసేశాడు!

మల్టీమీటర్ పెడితే రెండు పిన్నులకు స్క్రూ రంధ్రంతో బీప్ వస్తోంది, అవి గ్రౌండ్ (సున్నా వోల్టుల వైపు) అనుకుంటున్నా. స్విచ్‌కు ప్లస్ మైనస్ పట్టింపు లేదని, ఎల్‌ఈడీకే ఉంటుందని తెలుసు. స్క్రూడ్రైవర్‌తో ఒక్కో జత తాకిద్దామంటే, 5 వోల్టుల పిన్ను గ్రౌండ్‌కు తగిలి బోర్డు పోతుందేమోనని టెన్షన్.

కరెంటు ఇచ్చి, ఆన్ చేయకుండా ఒక్కో పిన్ను వోల్టేజీ కొలిస్తే స్విచ్ పిన్ను దొరుకుతుందా? అనుమానం ఉన్నదాన్ని 1 కిలో ఓమ్ రెసిస్టర్ మీదుగా గ్రౌండ్‌కు తాకించవచ్చా? ఇలాంటి బోర్డు విప్పినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి అన్నా.