సిగ్నల్ ఫుల్, నెట్ నిల్: ఉరవకొండ వైపు మీకూ ఇంతేనా?

సీమబిడ్డ_ఏటీపీ: ఉరవకొండ పక్క పల్లె మాది. గీతలన్నీ నిండుగా ఉంటాయి, సాయంత్రమైతే వీడియో తిరుగుతూనే ఉంటుంది. యాంటెన్నా మావైపు తిప్పించాలంటే ఎవరికి చెప్పాలి? 5జీ ఆపేస్తే ఏమన్నా లాభమా?

కర్నూలు_కుర్రోడు: నీకు గీతలన్నా ఉన్నాయి కదప్పా. మాకు కరెంటు పోతే కాసేపటికే టవరూ పోతుంది. బ్యాటరీలు పాతవి, జనరేటర్‌కు డీజిల్ పోసే దిక్కు లేదు.

ఆర్ఎఫ్_మామ: బండిలో తిరుగుతూ సిగ్నల్ కొలిచే డ్రైవ్ టెస్టులంటూ సీమంతా తిరిగినోణ్ని, వినండి. గీతలు సిగ్నల్ బలమే చెప్తాయి. ఆ బలం కొలత ఆర్ఎస్ఆర్పీ మైనస్ 85 ఉన్నా, అంటే బాగానే ఉన్నా, రొద మధ్య సిగ్నల్ ఎంత స్పష్టమో చెప్పే ఎస్ఐఎన్ఆర్ సున్నా దగ్గరుంటే నెట్ సరిగ్గా నడవదు. సాయంత్రమే ఇబ్బందంటే రద్దీ. ఇంకోటి టిల్ట్. యాంటెన్నా వంపు తక్కువైతే సిగ్నల్ దూరం పోయి పక్క టవర్ ఏరియాలో పడుతుంది, అక్కడివాళ్ల నెట్ చెడుతుంది. చాలా యాంటెన్నాలను ఇప్పుడు టవర్ ఎక్కకుండా ఆఫీసు నుంచే వంచుతారు.

కడప_కారందోశ: ఇంత చదువెందుకు? మిద్దె మీద సిగ్నల్ పెంచే బూస్టర్ పెట్టించినా, దెబ్బకు సెట్ అయింది.

ఆర్ఎఫ్_మామ: నీలాంటోళ్లతోనే మా తిప్పలన్నీ! నాసిరకం బూస్టర్ టవర్ వైపు రొద పంపిస్తుంది, దాంతో ఆ సెక్టార్లో, అంటే టవర్ ఆ వైపు కవర్ చేసే ఏరియాలో, ఉన్న అందరి కాల్సూ కట్టవుతాయి. అనుమతి లేకుండా పెట్టడం నేరం కూడా.

కడప_కారందోశ: ఆన్‌లైన్లో బహిరంగంగా అమ్ముతున్నారు, నేరమెట్లయితది?

ఆర్ఎఫ్_మామ: అమ్మడమూ కుదరదని 2022లోనే టెలికాం శాఖ చెప్పింది.

కడప_కారందోశ: మీరు సరిగ్గా సిగ్నల్ ఇచ్చింటే నేనెందుకు కొంటా? ముందు మీ పని చేయండి సామీ.

నంద్యాల_టీచరమ్మ: మా వీధిలో టవర్ వద్దని అందరం సంతకాలు పెట్టి ఆపించాం. రేడియేషన్ టెన్షన్ పోయింది.

కర్నూలు_కుర్రోడు: ఆపించి, ఇప్పుడు సిగ్నల్ లేదని ఏడుస్తుంటారు!

నంద్యాల_టీచరమ్మ: మర్యాదగా మాట్లాడు బాబూ.

ఆర్ఎఫ్_మామ: అమ్మా, 2012 నుంచి మన దేశంలో టవర్ రేడియేషన్ పరిమితి అంతర్జాతీయ పరిమితిలో పదోవంతే. టవర్ దూరమయ్యేకొద్దీ మీ ఫోనే ఎక్కువ పవర్ వాడుతుంది, అది ఉండేది చెవి పక్కనే. అనుమానముంటే టెలికాం శాఖ వాళ్ల తరంగ్ సంచార్ పోర్టల్లో ఫీజు కట్టి కొలిపించుకోండి.

గుత్తి_గోపీ: సీమబిడ్డా, 5జీ ఆపి 4జీలో పెట్టి చూడు. 5జీకి ఎక్కువగా వాడే 3500 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం రావు, గోడలు దాటడమూ కష్టమే. 700 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ అయితే పల్లెలకు బాగా అందుతుంది. అది సరే, ఆదివారం గండికోట పోతున్నాం, అక్కడ ఏ సిమ్ పలుకుతుంది?

కడప_కారందోశ: మామనడుగు, సీమంతా తిరిగినోడు కదా.