హారర్ సీక్వెల్ మొదటి భాగాన్ని అందుకోవాలంటే ఏం మారాలి, ఏం మారకూడదు?

గడప_దీపం (ప్రశ్న)

హారర్ సినిమాకి రెండో భాగం తీస్తే అది మొదటిదానితో సరితూగడం అసలు సాధ్యమేనా? 2007లో వచ్చిన ‘ముని’ కంటే 2011లో వచ్చిన ‘కాంచన’ ఎక్కువమందికి నచ్చింది. 2005 నాటి ‘చంద్రముఖి’ తర్వాత 2010లో ‘నాగవల్లి’, 2023లో ‘చంద్రముఖి 2’ వచ్చాయి, రెండూ దాని దరిదాపులకు రాలేదు. మూడింటికీ దర్శకుడు పి. వాసే. కాబట్టి దర్శకుడు మారాడు గనక చెడిందన్న మాట ఇక్కడ చెల్లదు. మరి తేడా ఎక్కడ వస్తోంది? బాగుంది, బాగాలేదు అని కాకుండా కథ, కెమెరా, సౌండ్ పరంగా తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

రీల్‌పెట్టె

చంద్రముఖికి మూలం 1993లో ఫాజిల్ తీసిన మలయాళ ‘మణిచిత్రతాళు’. ఆ కథలో ప్రేక్షకుడు చాలాసేపు దయ్యం ఉందనే అనుకుంటాడు. చివరికి అది, తనను చనిపోయిన నాట్యకత్తెగా నమ్మే గంగ అనే ఇంటి కోడలి మనసుకి పట్టిన జబ్బని తేలుతుంది. తిరిగే పలక మీద మనిషిని తప్పించి బొమ్మను పెట్టి, పగ తీరిపోయిందని ఆమెను నమ్మిస్తారు. అదే వైద్యం. దయ్యమా, జబ్బా అన్న ఒక్క ప్రశ్న మీదే సినిమా మొత్తం నిలబడింది. జవాబు చెప్పేశాక అదే ప్రశ్న మళ్లీ వేయలేం. ‘నాగవల్లి’ చంద్రముఖి పటాన్ని ఇంకో ఇంటికి తీసుకెళ్లి, చంద్రముఖిని చంపిన రాజు వందేళ్లు దాటినా బతికే ఉన్నాడన్న కొత్త సంగతి కలిపింది. కొంతవరకు పనిచేసే ఆలోచనే. ‘చంద్రముఖి 2’లో నిజంగానే ఆత్మలు వచ్చేశాయి. దయ్యం లేదని మొదటి సినిమా అంత కష్టపడి నిరూపిస్తే, ఇది వచ్చి ఉందంటోంది. దీనివల్ల పాత సినిమా కూడా పలచబడుతుంది, నా దృష్టిలో అదే పెద్ద నష్టం.

ఇదే జబ్బు హాలీవుడ్‌లోనూ ఉంది. 1978 ‘హాలోవీన్’లో మైకేల్ మయర్స్ ఎందుకు చంపుతాడో చెప్పరు. ఆ ఊళ్లో ఎవరి వెనకైనా పడగలడు, భయమంతా అక్కడే. 1981లో రెండో భాగం కోసం కథానాయిక లారీ అనే అమ్మాయిని అతని చెల్లెల్ని చేశారు. రక్తసంబంధం అనేసరికి మిగతా ఊరంతా గండం నుంచి బయటపడినట్టయింది. 2018లో మళ్లీ తీసినప్పుడు ఆ చుట్టరికాన్ని పక్కన పెట్టేసి నేరుగా 1978 సినిమాకి కొనసాగింపుగా మొదలుపెట్టారు.

నేలటికెట్టు

రీల్‌పెట్టె గారూ, ఒక్క అభ్యంతరం. నాగవల్లి కథే కన్నడంలో ‘ఆప్తరక్షక’గా అదే 2010లో, అదే పి. వాసు చేతిలో బ్రహ్మాండంగా ఆడింది. అక్కడ మొదటి భాగం ‘ఆప్తమిత్ర’లో డాక్టరుగా చేసిన విష్ణువర్ధనే మళ్లీ డాక్టరు. పైగా అది ఆయన చివరి సినిమా. తెలుగుకి వచ్చేసరికి రజనీకాంత్ లేరు, వెంకటేష్ వచ్చారు. కథ ఒకటే అయినా, ఆ ఇంటి రహస్యం తెలిసిన మనిషి మారిపోయాడు. దయ్యాల కథలో జనం నమ్మకం పెట్టుకునేది ఆ తెలిసిన మనిషి మీదే అండీ. అతను మారితే పరిచయం మళ్లీ మొదట్నుంచి చేసుకురావాలి, దానికే అరగంట పోతుంది.

ఇక కాంచన. అది ముని కథకి కొనసాగింపు కాదు. పిరికి హీరో, అతని ఒంట్లోకి ఆత్మ దూరడం, ఫ్లాష్‌బ్యాక్‌లో అన్యాయం, ఆఖర్న పగ. లారెన్స్ ఈ చట్రం వరకే ఉంచుకున్నారు. లోపల సరుకు మార్చారు. మునిలో ఒక్క ఆత్మ ఉంటే ఇక్కడ మూడు. శరత్‌కుమార్ చేసిన కాంచన, ఆమెకు ఆశ్రయమిచ్చిన ముస్లిం పెద్దాయన, మానసికంగా ఎదగని అతని కొడుకు. ముగ్గురికీ మూడు గొంతులు, మూడు నడకలు. ఇప్పుడు లోపల ఎవరున్నారన్న అనుమానం సీను సీనుకీ కొత్తగా పుడుతుంది. నవ్వూ భయమూ రెండూ అందులోంచే వచ్చాయి. 2015 ‘గంగ’, 2019 ‘కాంచన 3’లకి వచ్చేసరికి చట్రం జనానికి కంఠతా వచ్చేసింది. ఫ్లాష్‌బ్యాక్ ఎప్పుడు పడుతుందో ముందే తెలిసిపోతుంటే భయం ఎక్కడిది?

‘రాజుగారి గది 2’ని మాత్రం ఈ లెక్కలో వేయకండి. అది మలయాళ ‘ప్రేతం’కి రీమేక్, పేరొక్కటే సీక్వెల్.

మిక్సింగ్_రూమ్

కథ గురించి చెప్పారు, నేను కెమెరా, సౌండ్ గురించి చెబుతాను. మొదటి భాగం ప్రేక్షకుడికి ఒక చూపు నేర్పుతుంది. రెండోది ఆ చూపునే అతని మీదకి తిప్పాలి.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ‘పారానార్మల్ యాక్టివిటీ’. సుమారు 15 వేల డాలర్లతో తీసిన మొదటి భాగంలో పడగ్గదిలో ట్రైపాడ్ మీద కదలని కెమెరా. తలుపు దగ్గరా, దుప్పటి అంచునా ఏమైనా కదులుతుందేమోనని మనమే ఫ్రేమంతా వెతుక్కుంటాం. అదే షాట్ మళ్లీ పెడితే మూడో భాగం నాటికి చెల్లదు. అందుకని 2011లో అటూ ఇటూ తిరిగే టేబుల్ ఫ్యాన్ అడుగుభాగానికి కెమెరా బిగించారు. ఒక కొసన హాలు, రెండో కొసన వంటగది. ఫ్యాన్ వేగం ఒకటే కాబట్టి కెమెరా ఎప్పుడు వెనక్కి వస్తుందో మన ఒంటికి తెలిసిపోతుంది. వంటగదిలో ఏదో ఉందని చూశాక కెమెరా హాలు వైపు వెళ్లిపోతుంటే ఆపలేం, తొందరపెట్టలేం. గ్రాఫిక్స్ ఖర్చుతో పనిలేకుండా ఫ్రేము బయట ఉన్నదాన్నే భయంగా మార్చారు.

‘కంజూరింగ్ 2’ (2016) ఇంకో దారి పట్టింది. దయ్యం గొంతుతో మాట్లాడుతున్నది పిల్ల కాదని తేల్చడానికి ఆమె నోట్లో నీళ్లు పోసి, దయ్యాల్ని పరిశోధించే ఎడ్ వెనక్కి తిరిగి కూర్చుంటాడు. కెమెరా అతని మొహం మీదే ఫోకస్‌లో ఉంటుంది. వెనక మసకలో ఆ పిల్ల ఆకారం మెల్లగా మారుతున్నట్టు ఉంటుంది. కట్ చేయరు. కట్ పడితే ఊపిరి పీల్చుకుందామని చూసే ప్రేక్షకుడికి ఆ అవకాశమే ఇవ్వలేదు.

సీక్వెల్స్‌లో నేను ఎక్కువగా చూసే లోపం రీరికార్డింగ్‌లో. శబ్దం రెట్టింపయినట్టు చెవికి అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. సీను మొదటినుంచీ నేపథ్య సంగీతం గట్టిగా వాయిస్తూ ఉంటే పైకి వెళ్లడానికి చోటేది? అప్పుడు జంప్ స్కేర్‌ని, అంటే ఉలిక్కిపడేలా చేసే హఠాత్తు చప్పుడుని, ఇంకా పెంచుతారు, అది భయపెట్టదు, చెవి నొప్పి పుట్టిస్తుంది. చేయాల్సింది ముందరి భాగాన్ని తగ్గించడం. సంగీతం పూర్తిగా తీసేసి ఫ్యాను చప్పుడు, కీచురాళ్లు లాంటి గది శబ్దం ఉంచాలి. ఆపైన దాన్ని కూడా ఒక్కో పొరా తీసేయాలి. ఇంకో సంగతి, నిశ్శబ్దం తర్వాత చప్పుడన్న వరస మొదటి భాగంలోనే జనానికి అలవాటైపోయింది. రెండో భాగంలో కనీసం ఒకట్రెండు చోట్ల నిశ్శబ్దం పెట్టి ఏమీ జరగనివ్వకూడదు.

1990 నాటి ‘ఎక్సార్సిస్ట్ 3’లో ఆసుపత్రి వరండా సీను చూడండి. దూరంగా, కదలకుండా, చాలాసేపు సాగే షాట్. నర్సు గదుల్లోకి వెళ్లి వస్తుంటుంది, మనం నిర్లక్ష్యంలో పడేదాకా ఆగి అప్పుడు కొడతాడు దర్శకుడు. మొదటి సినిమాలో అలాంటి సీనే లేదు. పేరులో ఉంది గనక భూతవైద్యం ఉండాల్సిందేనని స్టూడియో పట్టుబట్టి క్లైమాక్స్‌లో చేర్పించిన భాగమేమో సినిమాలో అన్నిటికంటే తేలిపోయింది.

గడప_దీపం

ధన్యవాదాలండీ, ఫ్యాన్ సంగతి తెలీదు. మన దగ్గర ఈ మధ్య కథని నేరుగా కొనసాగించి మెప్పించినవి ఉన్నాయా? చివర్లో తర్వాతి భాగానికి లీడ్ వదలడం మంచిదా, చెడ్డదా?

రీల్‌పెట్టె

నేలటికెట్టు గారు ఆప్తరక్షక గురించి చెప్పింది ఒప్పుకుంటున్నా. పాత్ర కొనసాగడం నేను అనుకున్నదానికంటే పెద్ద విషయమే.

మీ ప్రశ్నకి ‘మా ఊరి పొలిమేర’ సరైన జవాబు. 2021లో ఓటీటీలో వచ్చింది, 2023లో రెండో భాగం థియేటర్లకి వచ్చి బాగా ఆడింది. చనిపోయాడనుకున్న సత్యం రాజేష్ పాత్ర బతికే ఉందని మొదటి భాగం చివర్లో తెలుస్తుంది. ఆ మలుపుతో అప్పటిదాకా చూసిన చేతబడి, చావులు అన్నిటికీ వెనక మనిషి పథకం ఉందని అర్థం మారిపోతుంది. ఎలా చేశాడన్నది తెలిసింది, ఎందుకు అన్నది మిగిలింది. ఆ మిగిలినదే రెండో భాగానికి కథ. లీడ్ అంటే అలా ఉండాలి. ఆఖరి షాట్‌లో బొమ్మ కళ్లు తెరవడం లాంటివి లీడ్ కాదు, అందులో అడగడానికి ప్రశ్నే లేదు.

‘ఓదెల రైల్వేస్టేషన్’ దీనికి ఎదురు ఉదాహరణ. మొదటిది 2022లో ఆహాలో వచ్చిన పల్లెటూరి క్రైమ్ కథ, నేరస్తుడు మామూలు మనిషి. పక్కింటివాడే కావడం దాని భయం. 2025లో రెండో భాగానికి చచ్చినవాడి ప్రేతం, నాగసాధువు, దైవశక్తి వచ్చాయి. స్థాయి పెంచామనుకున్నారు, నిజానికి వేరే జాతి సినిమా అయింది.

రాసేవాళ్లు ముందు ఒక కాగితం మీద మొదటి భాగపు నియమాలన్నీ రాసుకోవాలి. ఆ శక్తి ఏం చేయగలదు, ఏం చేయలేదు, దేనికి ఆగుతుంది, ఎవరికి కనిపిస్తుంది. వాటిలో ఒక్కటి కూడా కొట్టేయకుండా కొత్తది ఒక్కటి కలపాలి. 1986 ‘ఏలియన్స్’ చేసింది అదే. 1979 నాటి మొదటి సినిమా ‘ఏలియన్’లో గ్రహాంతర జీవి గుడ్లున్నాయి, వాటిని ఎవరు పెట్టారో లేదు, దర్శకుడు కామెరాన్ గుడ్లు పెట్టే రాణిని తెచ్చారు.

నేలటికెట్టు

ఏలియన్స్ హారర్ కన్నా యాక్షనే ఎక్కువ, దాన్ని ఇందులో కలపను. నియమాల మాట మాత్రం నిజం. ‘ఎ క్వైట్ ప్లేస్’ మొదటి భాగం ముగిసేసరికి వినికిడి యంత్రం చేసే కీచుమోతే, చప్పుడు విని మనుషుల్ని వేటాడే ఆ జీవాలకి విరుగుడని తేలిపోయింది. ఆయుధం దొరికాక భయం చావాలి. 2021లో వచ్చిన రెండో భాగం ఆ విరుగుడిని అలాగే ఉంచి, ఆ యంత్రం ఉన్న అమ్మాయిని ఇంట్లోవాళ్ల నుంచి దూరంగా పంపింది. మందు ఒకచోట, రోగి ఇంకోచోట. నియమం చెడలేదు, ఉత్కంఠ తగ్గలేదు.